నేను జరిపిన బావి

డ్రోన్ ఎగరేస్తే సర్వే అయిపోయినట్టే అనుకునే తెలివి నాది. లింగంపేట దగ్గరి ఊళ్లో పొలాల ఫొటోలు తీశాను. డ్రోన్ ఏ క్షణాన ఎక్కడుందో, ఎటు ఒరిగిందో రాసుకున్న లాగ్ ఫైలును మాత్రం చెత్త అనుకుని ల్యాప్‌టాప్‌లోంచి చెరిపేశాను.

ఆ ఫొటోలతో చేసిన పటం ఊళ్లో చూపించిన రోజు ఎల్లవ్వ అనే ముసలి రైతు నిలదీసింది. "ఏంది బిడ్డా, నా బావి పక్కోళ్ల పొలంల పడ్డది?"

"నడిసొచ్చిందేమో అవ్వా, ఇగ మాకే ఉండనీ" అని పక్క రైతు నవ్వాడు.

"గా బావి తవ్వి నా పెనిమిటి నడుం పోగొట్టుకుండు" అంది అవ్వ. నా చెమటతో ఆ బావి నిండేదే!

కామారెడ్డిలోని మా ఆఫీసులో పటాలు సరిచూసే లావణ్య మేడం డ్రోన్‌లోనే మిగిలిన లాగ్‌ను బయటికి తీసింది. ఒక్కో ఫొటోనూ అది తీసిన క్షణంతో జత చేసి, గాలికి డ్రోన్ ఎంత ఒరిగిందో అంతా సరిదిద్దింది. సాయంత్రానికి బావి అవ్వ పొలంలోకి వచ్చేసింది. ఆ ఓపికకు మనసులోనే మొక్కాను. ఆమె మాత్రం "బావులు జరిపే అన్నా!" అని నన్ను ఆఫీసంతా వినేలా పిలిచింది.

అందుకే అవ్వకు బావిని వెనక్కి తెచ్చిందెవరో చెప్పి, మేడం నంబరు రాసిచ్చాను. ఇప్పుడు బావి మోటరు ఆగినా అవ్వ ఆమెకే ఫోన్ చేస్తుంది.