క్లబ్‌హౌస్ తాళంచెవి

అమెరికాలోని ట్రాయ్‌లో మా కాలనీలోని తెలుగువాళ్లందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. బతుకమ్మ నుంచి పిల్లల పుట్టినరోజుల దాకా క్లబ్‌హౌస్‌లో ఏది జరిగినా ఏర్పాట్లు ఆమెవే. వంటలన్నీ బల్ల మీద సర్దాక కూడా ఎవర్నీ గరిట ముట్టనిచ్చేది కాదు. తలుపు దగ్గర నిలబడి, "ఇంకెవరన్నా రావాలా?" అని అడిగేది. మంచులో దారి తెలియక ఆలస్యమయ్యే కొత్తవాళ్ల కోసం అందరినీ ఆపేది. మేం కొత్తగా వచ్చినప్పుడు మాకోసమూ అలాగే ఆపింది.

ఒక ఉగాదికి ముందు ఆమె భర్త ఉద్యోగం పోయింది. వీసా రూల్ ప్రకారం రెండు నెలల్లో ఇంకో జాబ్ దొరక్కపోతే దేశం వదలాలి. ఆ వారం నుంచే వాళ్లతో అందరి మాటలూ తగ్గాయి. మా ఆయనదీ అదే వీసా. వాళ్లింటికి వెళ్తే ఏదో అంటుకుంటుందన్నట్టు భయమేసేది. చివరికి ఉగాది పనులు వేరేవాళ్లకి అప్పగించాలనుకున్నాం. ఆ సంగతి చెప్పడానికి నన్ను పంపారు.

"అక్కా, మీకిప్పుడు టెన్షన్లు కదా. ఈసారి రెస్ట్ తీసుకోండి," అన్నాను.

"రెస్ట్ నేనడిగానా?" అంది. "ఈ పనులుంటేనే కదమ్మా, నాకు కాస్త నిద్ర పట్టేది."

ఆమె లోపలికి వెళ్లి, క్లబ్‌హౌస్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఉగాదికి ఆమె రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

జాబ్ దొరకలేదు. వాళ్లు వెళ్లే రోజు సూట్‌కేసులు కార్‌లోకి ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూశాను. ఆమె తలెత్తి మా ఇంటివైపు చూసింది. నేను కర్టెన్ వెనక్కి తప్పుకున్నాను.