ఎదురుకాళ్ల పిల్ల

సూరత్ శివారు భేస్తాన్ నుంచి వచ్చే మగ్గం పనివాళ్లు మా ఫిజియోథెరపీ గదిలో బల్ల మీద బోర్లా పడుకుని చొక్కా పైకి లాగగానే, వెల్లుల్లీ వామూ వేసి కాచిన నూనె వాసన గుప్పుమంటుంది. ఇంట్లో ఆడవాళ్లు రుద్దగలిగినంత రుద్ది, ఇక లాభం లేదనుకున్నాకే వాళ్లని నా దగ్గరికి పంపుతారు. పక్క బల్ల మీది గుజరాతీ ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం చిన్నప్పటి మా గోడాదరా గల్లీ, పొద్దుటి పూట మా ఇంటి నేల మీద బోర్లా పడుకున్న మగవాళ్ల వీపులు కళ్ల ముందుకొస్తాయి.

నేను అమ్మ కడుపులోంచి తలతో కాక కాళ్లతో బయటికొచ్చానట. కరీంనగర్ దిక్కు మా వాళ్లలో అలాంటివాళ్లని ఎదురుకాళ్లతో పుట్టారంటారు, వాళ్లు తొక్కితే పట్టేసిన నడుము విడుస్తుందని నమ్ముతారు. ఊళ్లో మంత్రసానికి ముచ్చెమటలు పట్టించిన నా కాళ్లకి మేం వలసొచ్చిన సూరత్‌లో మహా గిరాకీ వచ్చింది. రాత్రి పాళీ దిగినవాళ్లు జుట్టులో దారపు పోగులతో, మగ్గాల మోతకి చెవులు దిమ్మెక్కి అరుచుకుంటూ మాట్లాడుతూ, తిన్నగా మా గుమ్మంలోకే వచ్చేవాళ్లు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని, పొగరుగా, ఒట్టి కాళ్లతో నడుము మీంచి భుజాల దాకా నడిచేదాన్ని. మూడిళ్ల అవతలి ఒడియా ఆయనకి మా నమ్మకం సంగతేం తెలుసో గానీ, ఆయనా వచ్చి "బేబీ, జరా పాంవ్ లగా దే" అని, కాస్త కాలు వెయ్యమంటూ వినయంగా పడుకునేవాడు. పైసలు తీసుకుంటే కాలి మహిమ పోతుందని అమ్మ కట్టడి చేసింది కాబట్టి తినేవే తెచ్చేవాళ్లు, చలికాలం పతంగుల పండక్కి నువ్వుల చిక్కీ, శరత్పున్నమి మర్నాడు నెయ్యి కారే ఘారీ మిఠాయి, మిగతా రోజుల్లో జామకాయో శనగలో.

వానాకాలంలో మా గోడలు చెమ్మగిల్లి, ఆరేసిన బట్టలు ఎన్నటికీ ఆరక, గల్లీ అంతా ముక్కిపోయిన వాసన వేస్తుంటే నడుములన్నీ ఒక్కసారే పట్టేసేవి. మా బాపుకి నేనంటే ప్రాణమే గానీ, ఆయన మగ్గాల పని నుంచి వచ్చేసరికి నేను బడికి పోవాలి, నేను వచ్చేసరికి ఆయన మళ్లీ బయల్దేరాలి. బాపుతో నేను తీరిగ్గా గడిపిన కాలమంటూ ఉంటే అది ఆయన వీపు మీద గడిపిందే. నేను తొక్కుతూ బడి కబుర్లు చెబితే ఆయన చాపలోకి ముఖం పెట్టి ఊఁ కొట్టేవాడు.

ఒక వానాకాలం ఆయన దారం చుట్టిన పెద్ద బీము ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. పిర్ర నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. దగ్గు వస్తే గోడ పట్టుకుని ఏడ్చేవాడు.

"ఒక్కసారి దవాఖానకు పోయి సూపిచ్చుకోరాదు?" అని అమ్మ బతిమాలింది.

"నా బిడ్డ ఇంట్ల ఉండంగ దవాఖాన ఎందుకే?" అన్నాడు.

నేను రోజూ తొక్కాను. బతుకమ్మ రోజుల్లో ఒక పొద్దున ఆయన లేచి నిలబడి, నడుము అటూ ఇటూ తిప్పి, "నొప్పి లేదు!" అని కేకేశాడు. నిజంగానే లేదు. నన్ను భుజాలకెత్తుకుని గల్లీ అంతా తిరిగి, "సూసిన్రా, నా బిడ్డ కాలు పడ్డది, నొప్పి పారిపోయింది!" అంటూ పేడాలు పంచాడు. నేనూ తిన్నాను. అంత తియ్యటి పేడా మళ్లీ తినలేదు, అదే నాకు ఇప్పటికీ ఏడుపు తెప్పిస్తుంది.

తంగేడు దొరకని ఊళ్లో అమ్మవాళ్లు బజారు బంతిపూలతో పేర్చిన బతుకమ్మని సద్దుల నాటి సాయంత్రం సాగనంపడానికి వెళ్తుంటే, బాపు కుడి కాలి చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. ఆయన ముందుకు నడిచిపోతున్నాడు.

"బాపూ, నీ చెప్పు!" అని అరిచాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా తన పాదాన్ని కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆ పాదం పైకి లేవలేదు. నేలకి రాసుకుని బొటనవేలు గోరు చీలి రక్తం కారుతున్నా ఆయనకి తెలిసేది కాదు. అప్పుడు పరుగెత్తాం ఆసుపత్రికి. నొప్పి తగ్గలేదని, నొప్పి కబురు మోసే నరమే నలిగిపోయిందని, ఆ నరం పోకముందే రావలసిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక కసరత్తుల గదిలో ఒకమ్మాయి "పంజా ఉఠావో, కాకా" అని పాదం పైకెత్తమంటుంటే, బాపు మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించేవాడు. వేళ్లు కదిలేవి కావు. పక్కన స్టూలు మీద కూర్చుని నేను నా కాలివేళ్లు పైకెత్తుతూ ఉండేదాన్ని, చూసి నేర్చుకుంటాయేమోనని. నేను ఈ చదువు చదవడానికి ఆ స్టూలే కారణం. బాపు మళ్లీ మగ్గాల మధ్య నడవలేదు, కూర్చుని బాబిన్లు చుట్టాడు. నన్ను ఒక్క మాట కూడా ఎవరినీ అననివ్వలేదు.

ఇప్పుడు మా గల్లీలో మగ్గాలు లేవు, అన్నీ చీరల గోదాములు. పిల్లలు ఆపరేషన్లతో పుడుతున్నారు, తలా కాళ్లా అని అడిగే ముసలమ్మలు లేరు. కానీ నొప్పి పోయిందన్న ఆ సంతోషం మాత్రం పోలేదు. "నొప్పి పోయింది మేడమ్, జర మొద్దువారింది గంతే" అని ఎవరైనా నవ్వుతూ చెబితే బల్ల మీంచి లేపి పాదం పైకెత్తమంటాను. ఆ పూటే పెద్ద డాక్టరు దగ్గరికి తరుముతాను.

బాపు నాతోనే ఉంటున్నాడు. పాదం వాలకుండా ఆపే ప్లాస్టిక్ పట్టీ బూటులో తొడుక్కుని, కాలు ఈడుస్తూ పొద్దున్నే పాలు తెస్తాడు. లాభం లేదని తెలిసినా, అప్పుడప్పుడూ ఆయన పాదం పరీక్షిస్తాను. మొన్న ఆదివారం ఎదురుగా కూర్చుని ఆ కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను.

"కండ్లు మూసుకో బాపూ. దూది తాకితే చెప్పు."

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెల్లగా నవ్వాడు.

"ఆఁ, తాకింది బిడ్డా. మంచిగ తెలుస్తంది."

దూది ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది.