పంట కాపలా తుపాకీ

నా దగ్గర రెండు పాత డబుల్ బ్యారెల్ తుపాకులున్నాయి. చట్టం అంతకు మించి ఉంచుకోనివ్వదు కాబట్టి రెండే. లేకపోతే ఇల్లంతా నింపేసేవాణ్ణి. ఒకటి మా తాతగారిది. రెండోది చాట్రాయిలో ఒక పాత ఇంటివాళ్లది. వారసులు లైసెన్సు మార్పించుకునే ఓపిక లేక వదిలించుకుంటుంటే, కాగితాలన్నీ సరిచేయించుకుని తెచ్చుకున్నాను. దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజు నాకు అన్నం కూడా సయించలేదు.

పాత తుపాకీకి విలువ కట్టడం ఎలాగని ఎవరైనా అడిగారా, ఇక అయిపోయారన్నమాటే. ముందు గొట్టాలు విప్పి వెలుతురుకేసి పెట్టి చూడాలి. లోపల మచ్చ ఉండకూడదు. తర్వాత వాటిని వేలాడదీసి వేలితో తట్టాలి. ఖంగుమని మోగితే గొట్టాల మధ్య అతుకు గట్టిగా ఉన్నట్టు, బొంగురుగా మోగితే ఎక్కడో ఊడినట్టు. మూసినప్పుడు ఇనప్పెట్టె తలుపు పడ్డట్టు ఒకే ఒక్క చప్పుడు రావాలి. మా చాట్రాయి తుపాకీ అన్నిట్లోనూ నెగ్గింది. దాని పక్కల మీద ఎవడో మహానుభావుడు ఎగిరే బాతుల్ని చెక్కాడు, ఈకతో సహా. ఆదివారం పూట దాన్ని ఒళ్లో పెట్టుకుని నూనెగుడ్డతో తుడుస్తూ కూర్చుంటే, పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయేది.

లైసెన్సు మీద మాత్రం ‘పంట రక్షణ కోసం’ అని ఉంటుంది.

ఈ ఏడు ఆగిరిపల్లి దగ్గర, మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న మామిడి తోటను రెడ్డిగూడెం మనిషి ఒకాయన పూత మీద కౌలుకు తీసుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ తోటలోనే పాక వేసుకుని దిగారు. కౌలు డబ్బు ముందే ముట్టింది కాబట్టి కాయ పోయినా నాకు పోయేదేం లేదు. వాళ్లకు మాత్రం ఈ ఏటికి ఆ కాయలే తిండి. పిందె కాస్త ముదిరి పచ్చడికి పనికొచ్చేంతయ్యేసరికి కోతులు దిగాయి. తిన్నది తక్కువ, కొరికి పారేసింది ఎక్కువ. వాళ్లిద్దరూ రేకు డబ్బాలు కొట్టారు, టపాకాయలు కాల్చారు. మొదట్లో బెదిరిన కోతులు తర్వాత కొమ్మల మీద కూర్చుని తమాషా చూడ్డం మొదలుపెట్టాయి.

ఒక పొద్దున ఆయన మా ఇంటికొచ్చాడు.

“బాబుగారండీ, మీ దగ్గర తుపాకీ ఉందంట కదండీ. కోతుల్ని కొట్టమనట్లేదండీ, పాపం. ఉత్తినే ఓ రెండు మోతలు మోగించండి చాలు, దడుసుకుని పోతాయి. ఇట్టాగే ఉంటే మేం మునిగిపోతామండీ.”

నేనేం చేశాను? తుపాకీ తెచ్చి చూపించి పాఠం చెప్పాను. “ఇది మామూలు తుపాకీ కాదయ్యా. తాతల కాలం నాటిది. పేలిస్తే గొట్టాలు పాడైపోతాయి. చెమట చెయ్యి తగిలినా, చినుకు పడినా తుప్పు పట్టేస్తుంది” అన్నాను.

తాతగారిది నిజంగానే పేల్చకూడదు. దాని గొట్టాలు పాతకాలపు మందుకు చేసినవి, ఇప్పటి తూటాలకు తట్టుకోవు. కానీ నేను ఆయనకు చూపించింది చాట్రాయిది. అది నిక్షేపంగా పేలుతుంది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి కూడా తగలకూడదన్నట్టు దూరంగా వంగి చూశాడు. “అబ్బ, ఎంత బాగా చెక్కారండీ!” అన్నాడు. నేను మురిసిపోయాను కూడానూ. ఛీ!

ఆయన వెళ్లాక మా ఆవిడ ఊరుకోలేదు. “పేలిస్తే అరిగిపోద్దా అది? దాన్ని దేనికిచ్చారండీ మీకు, జోల పాడుకోడానికా?” అంది. నీకేం తెలుసు, ఊరుకోమన్నాను.

ఆ ఆదివారం నూజివీడు నుంచి నా స్నేహితుడొచ్చాడు. ఆయనకూ పాత తుపాకుల పిచ్చే. భోజనాలయ్యాక గొట్టాలు తట్టి చూసి, “మోత బానే ఉంది. ఇంతకీ పేలుద్దా, షోకేసు బొమ్మేనా?” అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. తోట చివర మట్టికట్ట దగ్గరకు తీసుకెళ్లి, కట్టకేసి రెండు గొట్టాలూ పేల్చాను. భుజానికి తగిలిన ఆ దెబ్బ, ఆ మందు వాసన! నిజం చెప్పొద్దూ, ఒళ్లంతా సంతోషం. వెనకాల తోటలో కోతుల మంద కీచుమంటూ చెట్లు దిగి పారిపోయింది.

పాక దగ్గర్నుంచి ఆ దంపతులిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఆవిడ నాకు రెండు చేతులూ జోడించింది. “పాడైపోద్దని తెలిసి కూడా మాకోసం పేల్చారు బాబుగారూ. మీ మేలు మర్చిపోమండీ” అంది. ఆయన కళ్లు తుపాకీ మీదే ఉన్నాయి. “దానికేం కాలేదు కదండీ?” అన్నాడు.

నా స్నేహితుడు నావైపు చూశాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. “ఏం కాలేదులే” అన్నాను. శాలువా కప్పించుకున్నవాడిలా నిలబడ్డాను.

నాలుగు రోజులకే కోతులు తిరిగొచ్చాయి. మా మేడ మీంచి చూస్తే కొమ్మలు ఊగడం కనిపించేది. ఆయన వచ్చి అడిగితే ఈసారి వెళ్దామనుకున్నాను. ఆయన రాలేదు. అడక్కుండా వెళ్లడానికి నా కాళ్లకేం రోగమొచ్చిందో తెలియదు. చివరికి ఓ ఉదయం మా ఆవిడ, “వాళ్లు పాక విప్పేసుకుంటున్నారంట” అంది. అప్పుడు తుపాకీ తీసుకుని పరుగులాంటి నడకతో తోటకెళ్లాను.

చెట్ల కింద ఎక్కడ చూసినా కొరికి పారేసిన కాయలే. ఆవిడ గిన్నెలు మూటగడుతోంది, తలెత్తలేదు. ఆయన నన్ను చూసి తాటాకులు కింద పెట్టి ఎదురొచ్చాడు.

“ఇంకెందుకండీ, చెట్ల మీద ఏం మిగల్లేదుగా. మీరు మాకోసం ఓసారి దాన్ని కష్టపెట్టారు. మళ్లీ అడిగితే బాగోదని నేనే రాలేదండీ.”

అంతలో చినుకులు మొదలయ్యాయి. ఆయన కంగారుపడి భుజం మీది తువ్వాలు తీసి, నా చేతిలోని తుపాకీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా చుట్టాడు.

“తడిస్తే తుప్పు పట్టుద్దన్నారు కదండీ. బేగి ఇంటికెళ్లండి” అన్నాడు.

నేను గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. ఇద్దరూ వానలో తడుస్తూ తాటాకులు మోస్తున్నారు.