మంచం పక్కన చెప్పిన మాట

నాచారంలోని ఆ నర్సింగ్ హోమ్‌కి ఆడవాళ్ళు డాక్టర్ కామాక్షి పేరు విని వచ్చేవాళ్ళు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం ఆయమ్మ జోజమ్మని తలచుకుంటూ పోయేవాళ్ళు. జోజమ్మ గొంతు పెద్దది, చెయ్యి మెత్తనిది. నొప్పులు పడే మనిషిని ముందు కసిరేది, ఆ తర్వాత ఆమె నడుం కింద చెయ్యి పెట్టి తెల్లారేదాకా కదిలేది కాదు.

రెండువేల రెండులో పనిలో చేరిన రోజే ఆమె డాక్టరమ్మతో ఒక మాట అనేసింది. "మేడం, కాన్పులకు ఎప్పుడు పిలిచినా వస్త. కడుపు తీసే కాడికి మాత్రం నన్ను పిలువకున్రి. మాకు గది పాపం."

జోజమ్మది కథోలిక కుటుంబం. కామాక్షి "నీ నమ్మకం నీది, నా వృత్తి నాది. కాన్పులకు నువ్వుంటే చాలు" అంది. ఆ ఒప్పందం వల్ల బరువంతా రెండో ఆయమ్మ దీప మీద పడింది. "నీ దేవుడు నీకు సెలవిచ్చిండు. నా దేవునికి నా ఫికరే లేదు" అని దీప గొణిగేది. గొణుగుతూనే ఆపరేషన్ థియేటర్‌లోకి పోయేది.

కడుపున పడ్డ రోజు నుంచే మనిషి అని జోజమ్మ నమ్మకం. దాని మీద ఆమెకు చర్చ లేదు. గుడిలో ఫాదర్లు చెప్పారు, ఆమె నమ్మింది. చెప్పకపోయినా నమ్మేదేమో. ఇండస్ట్రియల్ ఏరియాలో భర్త ఫ్యాక్టరీ లాకౌట్ అయిన కాలంలో ఆమె రెండోసారి నెల తప్పింది. చుట్టాలందరూ తీయించుకోమన్నారు. ఆమె వినలేదు. అలా పుట్టినవాడు రంజిత్. పెద్దయి గొప్పవాడేమీ కాలేదు. ఆటో నడుపుతాడు, తాగుతాడు, తల్లి మాట చెవిన పెట్టడు.

"గీని కోసమేనా అంత గోస పడ్డవ్?" అని దీప ఒకసారి ఎగతాళి చేసింది.

"గొప్పోళ్ళయితేనే పుట్టాలంటే ఈ బస్తీల ఎవరు మిగులుతరే?" అంది జోజమ్మ.

థియేటర్ గడప తొక్కకపోయినా, అక్కడి నుంచి మంచం మీదికి తెచ్చిన మనిషి దగ్గరికి మాత్రం జోజమ్మే పోయేది. చాయ్‌లో రస్కు ముంచి తినిపించేది. నీతులు చెప్పేది కాదు, తల నిమురుతూ కూర్చునేది. అలా కూర్చునే మనిషి దొరికితే ఎవరికైనా నోరు ఊరుకోదు. అమ్మకు చెప్పుకోలేనివి, మొగుడికి చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో జోజమ్మ సంపాదించింది ఏదైనా ఉందంటే అదే, ఆ మంచం పక్కన స్టూలు.

రెండువేల పది జనవరిలో ఆమని వచ్చింది. కాకినాడ వైపు మనిషి, ఉప్పల్‌లో కాపురం, నాచారంలోనే ఒక స్కూల్లో టీచరు. నాలుగేళ్ళ పాప ఉంది. భర్త గిరిప్రసాద్‌కి ముందటేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి, ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది. ఇప్పుడు మూడో నెల. ఇద్దరూ ఆలోచించుకునే వచ్చారు. లోపల పని జరుగుతున్నంతసేపూ గిరిప్రసాద్ భార్య హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చోవడం జోజమ్మ చూసింది.

చాయ్ తాగాక ఆమని ఏడ్చింది. "మా అత్తయ్యకి దానంతటదే పోయిందని చెబుతున్నామండీ. ఆవిడకి తెలిస్తే నన్ను బతకనివ్వరు" అంది. కళ్ళు తుడుచుకుని, "మీరు దేవుణ్ణి బాగా నమ్ముతారట కదా. ఇలా పోయిన బిడ్డ ఎక్కడికి పోతుందండీ?" అని అడిగింది.

"దేవుని దగ్గరికే పోతది బిడ్డా. ఇంకెక్కడికి పోతది?" అంది జోజమ్మ. "మా గుళ్ళె ప్రార్థన చేయిస్త. నువ్వు పండుకో."

ఆమని తలూపింది. ఆ ప్రార్థన ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు?

ఆ గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాళ్ళ కోసం ఎవరైనా పూజ చెప్పిస్తే, ఆదివారం పూజ మొదలయ్యే ముందు ఫాదర్‌కి సాయంగా ఉండే ఉపదేశి ఇన్నయ్య మైకులో ఆ పేర్లు చదువుతాడు. ఫలానావారి ఆత్మశాంతి కొరకు అని అందరికీ వినపడాలి, అందరూ ప్రార్థించాలి. మైకంటే ఇన్నయ్యకు మహా ప్రీతి. చెప్పినదాంట్లో ఒక్క ముక్క వదిలేవాడు కాదు. అంత నిష్ఠ మంచిదే గానీ, కాస్త బుర్ర కూడా వాడి ఉంటే ఈ కథ ఇక్కడిదాకా వచ్చేది కాదు.

"బిడ్డ పేరు?" అన్నాడు ఇన్నయ్య.

"పేరేడిది? కడుపులనే పాయె. ఉప్పల్ ఆమని బిడ్డ అని చదువు."

"ఎన్నేండ్లు?"

"కడుపులనే అంటున్న గద. తీయించుకున్నరు. పాపం, టీచరమ్మ."

ఆయనకు తెలియాలని ఆమె చెప్పింది. అందరికీ తెలియాలనుకుని ఆయన తలకెక్కించుకున్నాడు. అయినా తప్పు జోజమ్మదే. పేరు లేకుండా పూజ చెప్పిస్తే అది దేవుడి దాకా పోదేమోనని ఆమె భయపడింది. ఆమని హిందువు, ఈ గుడికి ఆమె తరఫువాళ్ళెవరు వస్తారులే అని కూడా అనుకుంది. ఆదివారం ఇన్నయ్య గొంతు సవరించుకుని, ఉప్పల్ నివాసి, ఉపాధ్యాయురాలు ఆమని గారు గర్భస్రావం చేయించుకున్న బిడ్డ ఆత్మశాంతి కొరకు అని చదివేశాడు. రెండు వరసల ముందు కూర్చున్న సూర్యకళ టీచరు తల పైకెత్తింది. ఆమె, ఆమని ఒకే స్కూలు.

సూర్యకళ చెడ్డ మనిషి కాదు. నిజానికి మంచితనమే కొంప ముంచింది. సోమవారం స్కూలు గేటు దగ్గర ఆమని చెయ్యి పట్టుకుని, "బాధపడకండి, మీరు తీయించుకున్న బిడ్డ కోసం నిన్న మా గుడి మొత్తం ప్రార్థించింది" అంది. మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన అత్తగారు రాజశ్రీ ఆమని పక్కనే నిలబడి ఉంది.

ఆ సాయంత్రం ఉప్పల్ ఇంట్లో రాజశ్రీ కొడుకుని పిలిచి అడిగింది. గిరిప్రసాద్ తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. "నాకూ తెలీదమ్మా. తనే వెళ్ళింది" అన్నాడు.

మర్నాడు ఆమని నర్సింగ్ హోమ్‌కి వచ్చి, వరండాలో అందరి ముందూ జోజమ్మని అడిగింది. "మీకు చెప్పుకున్నాను. మైకులో చెప్పమన్నానా?" ఆ ఒక్కటే అని వెళ్ళిపోయింది.

కామాక్షి అరవలేదు. "రేపటి నుంచి నువ్వు పేషెంట్ల దగ్గరికి పోవద్దు. మేడ మీద దుప్పట్లు ఉతికించి ఆరేయించు" అంది. జీతం తగ్గలేదు. పోయింది స్టూలు ఒక్కటే. జోజమ్మ మేడ మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారమే పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోయి ఫాదర్‌కి అంతా చెప్పింది. ఆయన వయసు మళ్ళినవాడు, మాట నెమ్మది.

"పసిబిడ్డ ఏం పాపం చేసిందని ఆత్మశాంతి అడిగినావమ్మా? ఆ బిడ్డ సంగతి దేవుడు చూసుకుంటాడు. ప్రార్థన కావలసింది తల్లికి" అన్నాడు. తర్వాత, "ఇక్కడ నాతో చెప్పిన మాట ప్రాణం పోయినా నేను బయట పెట్టను. మంచం పక్కన నీతో చెప్పిన మాట కూడా అలాంటిదే" అన్నాడు. పోయి క్షమాపణ అడగమన్నాడు. పొమ్మంటే వచ్చెయ్యమన్నాడు.

ఆమె బయల్దేరిన రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు. కొడుకుని అడిగితే "ఇయ్యాల ఆటో తీస్తే అద్దాలు పలగ్గొడ్తరు" అన్నాడు. ఉప్పల్ దాకా నడిచింది. రాజశ్రీ ముందు గ్రిల్ సందులోంచి అనుమానంగా చూసింది. నాచారం నర్సింగ్ హోమ్ ఆయమ్మనని చెప్పగానే తలుపు బార్లా తీసింది.

"నువ్వేనా అమ్మా! ఈ కొంపలో నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే. రా, కూర్చో" అని కుర్చీ వేసింది. అంత మర్యాద జోజమ్మ ఊహించలేదు. వంటింటి గుమ్మంలో ఆమని నిలబడి ఉంది. గిరిప్రసాద్ టీవీలో బంద్ వార్తలు చూస్తున్నాడు.

"మీ మతంలో ఇది హత్య కింద లెక్కట కదా. దాని ముఖం మీద చెప్పు. నేను చెబితే అత్త సాధిస్తోందంటారు. పరాయిదానివి, నువ్వు చెప్పు" అంది రాజశ్రీ.

జోజమ్మ ఆమని వైపు చూసింది. చిక్కిపోయి ఉంది.

"పాపమేనమ్మా. కాదని నేనెట్లంట?" అంది జోజమ్మ. ఆమని తల దించుకుంది. "గానీ నేను జేసింది సుత పాపమే. నన్ను నమ్మి చెప్పుకున్న మాటను బజార్ల పెట్టిన. కడుపుల ఉన్నదాన్ని మనిషి అనేటోళ్ళం, ఎదురుంగ నిలబడ్డదాన్ని మనిషి కాదంటే ఎట్ల? ఈమె సుత ఒక తల్లి కడుపుల పడ్డ బిడ్డనే గద."

రాజశ్రీ ముఖం ముడుచుకుంది. "ఎంత పని చేసిందో తెలిసే అంటున్నావా? కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా పోయింది!"

జోజమ్మ గిరిప్రసాద్ వైపు చూసింది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, బెంచీ, అన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒక్క మాట చాలు. ఆమని కూడా ఆ మాట కోసమే తల ఎత్తి చూస్తోంది. గిరిప్రసాద్ టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. జోజమ్మ నోరు తెరిచి, ఫాదర్ మాట గుర్తొచ్చి మూసుకుంది.

"ఆ దినం సంగతి నన్నడగకున్రి. నేను చెప్ప" అని లేచింది. ఆమని ముందు చేతులు జోడించింది. "తప్పయింది బిడ్డా." ఆమని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ ఏడాదంతా జోజమ్మ మేడ మీద దుప్పట్లు ఆరేసింది. ఇన్నయ్యతో మాట్లాడటం మానేసింది, అదొక్కటే ఆమె చేసిన అన్యాయం. ప్రతి ఆదివారం ఎవరి పేరూ చెప్పకుండా ప్రార్థించింది.

నవంబరులో చనిపోయినవాళ్ళని తలచుకునే సమాధుల పండుగ వచ్చింది. సమాధుల తోట నిండా జనం, బంతిపూలు, కొవ్వొత్తులు. ఇక్కడ సమాధి లేనివాళ్ళకు, అసలు సమాధే లేనివాళ్ళకు తోట మధ్యలో పెద్ద శిలువ కింద వెలిగిస్తారు. జోజమ్మ అక్కడ వంగి కొవ్వొత్తి నిలబెడుతుంటే పక్కన చెప్పులు విప్పి ఎవరో నిలబడ్డారు. ఆమని. వేలు పట్టుకుని పాప.

"సూర్యకళగారు చెప్పారు, ఇవాళ ఇక్కడికి ఎవరైనా రావచ్చని" అంది. పొడిగానే అంది. "ఆ రోజు ఆయన కూడా వచ్చారని మీరెందుకు చెప్పలేదు?"

"మంచం పక్క మాట చెప్పొద్దని..."

"చెప్పకూడని చోట చెప్పారు. చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నారు. రెండుసార్లూ నేనే బలయ్యాను. మొన్న దసరాకి ఆయనే వాళ్ళమ్మకి చెప్పారు. అప్పటిదాకా ఎనిమిది నెలలు, ఆ ఇంట్లో నేనొక్కదాన్నే దోషిని."

తాను నేర్చుకున్న పాఠం బరువును ఆమని మెడకు కట్టానని జోజమ్మకు అప్పుడు తెలిసింది. సంచీలోంచి ఒక కొవ్వొత్తి తీసి చాచింది. ఆమని చాలాసేపు తీసుకోలేదు. పాప చెయ్యి చాపి తీసుకుంది, ఎలా వెలిగించాలో తెలియక తల్లికి ఇచ్చింది.

ఆమని వెలిగించి శిలువ కింద పెట్టింది. లేవకుండానే, జోజమ్మ వైపు చూడకుండానే అడిగింది.

"ఎక్కడికి పోతుందన్నారు ఆ రోజు?"

"దేవుని దగ్గరికే బిడ్డా."

"ఇంకోసారి చెప్పండి."

జోజమ్మ చెప్పింది. ఈసారి ఆమెకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.