కళ్ళు తప్ప

పోయిన ఆదివారం న్యూ టౌన్‌లో మా ఫ్లాటుకి ఒక ఐటీ ఉద్యోగి, తెలంగాణ అబ్బాయి, కూతురికి తెలుగు రాయడం నేర్పించమని తీసుకొచ్చాడు. బడి నుంచి రిటైరయ్యాక ఆదివారాలు పిల్లల చేత అక్షరాలు దిద్దించడం నా కాలక్షేపం. అతను పిల్లని నా ముందుకి తోసి, "మస్తు మొండిది మేడం. మంచిగ కొట్టి నేర్పుండ్రి. కండ్లు తప్ప మిగతాదంతా మీదే" అని నవ్వాడు. పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. పక్కనే బఠాణీలు ఒలుస్తున్న మా చెల్లి చెయ్యి ఆగిపోయింది.

మా చిన్నప్పుడు, ఇదే ఊళ్ళో గార్డెన్ రీచ్ రేవుపేటలో ఉండగా, సరిగ్గా ఈ మాటే మా నాన్న అన్నాడు. పిల్లల్ని చదువుకి అప్పగించేటప్పుడు ఆ మాట అనడం మావాళ్ళలో మర్యాద, అనకపోతే శ్రద్ధ లేదనుకునేవారు. వీధంతా బెంగాలీలో ఆడుకునే మాకు తెలుగు రాత అబ్బలేదని, మా పెద్దత్త భర్త, అంటే మావయ్య, చర్చి వరండాలో బడి పెట్టాడు. వారమంతా ఓడరేవు డాకులో మూటలు మోసే మనిషి. రేకు పళ్ళెంలో ఇసుక పోసి వేలితో రాయించేవాడు. తప్పితే మొట్టికాయ, మళ్ళీ తప్పితే తొడపాశం. గోడకుర్చీతో సరిపెట్టిన రోజు మాకు పండగలా ఉండేది. ఆయన మంచివాడని ఇప్పటికీ చుట్టాలంటారు. నేననను.

చెల్లి దెబ్బలకి ఏడ్చేది కాదు, రాసేదీ కాదు. ఒకరోజు మావయ్య దాని చూపుడు వేలు పట్టుకుని ఇసుకలో రుద్దడం మొదలుపెట్టాడు. ఒకే అక్షరం, మళ్ళీ మళ్ళీ. గుల్లపెంకులు కలిసిన గంగ ఇసుక అది. చర్మం ఊడింది, గోరు లేచిపోయింది, అక్షరం ఎర్రగా తడిసింది. అయినా ఆపలేదు. మేమంతా గోడకి అతుక్కుపోయాం. దాని కేక విని నాన్న పరుగెత్తుకొచ్చాడు. గొంతెత్తి ఎరగని మనిషి, ఆ పళ్ళెం లాక్కుని అంచుతో మావయ్య మొహం మీద కొట్టాడు. కనుబొమ చీలింది. కింద పడ్డాక కూడా కొట్టాడు.

మావయ్య కళ్ళలోకి కారుతున్న రక్తం తుడుచుకుని, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు.

"నువ్వే కదరా అన్నావు, కళ్ళు తప్ప మిగతాదంతా నాదేనని? ఇప్పుడేటి?"

నాన్న చేతిలోంచి పళ్ళెం జారిపోయింది. ఆ తర్వాత మా రెండిళ్ళకీ మాటల్లేవు. చెల్లి బెంగాలీలో బీఏ దాకా చదివింది గాని, తెలుగులో ఒక్క అక్షరం రాయలేదు. ఆ వేలికి గోరు మళ్ళీ సరిగ్గా మొలవలేదు.

పోయిన ఆదివారం చెల్లి లేచి వచ్చి, ఆ వేలు పిల్ల తండ్రి మొహం ముందు పెట్టింది.

"ఇది కన్ను కాదు కదా బాబూ. అందుకే ఒదల్లేదు."

అతని నవ్వు ఆగిపోయింది. వెనకాల దాచుకున్న కూతురి చేతుల కోసం తడుముకున్నాడు. కాలం మావయ్యని తీసుకుపోయింది, నాన్ననీ తీసుకుపోయింది. ఆ మాటని మాత్రం చెక్కు చెదరకుండా తెచ్చి మా గుమ్మంలో దింపింది.