బస్తా తాగిన నీళ్లు

శ్రీలక్ష్మి మొండిది. దీవిలోని మిన్నీ బేలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, ఆమె మేనత్త గవరమ్మ అయితే అడక్కుండానే చెబుతుంది. ఇక్కడే పుట్టి, విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, వచ్చిన ఉద్యోగం వదులుకుని, చేపల పిండితో కోళ్ల మేత చేసే ఆడవాళ్ల సంఘంలో చేరిన మనిషిని మొండిది అనక ఏమంటారు?

పిండికి నీళ్లు చల్లి తిప్పితే మేత గుళికలు కడుతుంది. చూడ్డానికి పిట్టుకు పిండి తడిపినంత సులువు. నీళ్లు తగ్గితే పిండి పిండిగానే ఉంటుంది, ఎక్కువైతే ముద్దవుతుంది. ఎన్ని పోయాలో తేల్చడానికి శ్రీలక్ష్మి కంప్యూటర్లో ఒక నమూనా కట్టింది. తెరమీద వేల చుక్కలు పిండి రేణువులై తిరుగుతాయి, నీటిబొట్టు తగిలితే అంటుకుంటాయి, గట్టిగా గుద్దుకుంటే విడిపోతాయి. యాభై కిలోల బస్తాకు పదకొండు లీటర్లని అది చెప్పింది. మూడుసార్లు పోశారు. మూడుసార్లూ బురదే.

పిండి తిప్పే మిక్సరును సంఘం ఇంకా కొనలేదు, పరీక్ష కోసం తెప్పించుకుంది. నాలుగోసారీ చెడితే శనివారం ఓడలో వెనక్కి పోతుంది. దాన్ని అమ్మే అబర్డీన్ బజార్ ఏజెంటు సత్యారావు, తిరిగి ప్యాక్ చేయడానికి పెట్టె చెక్కలు అప్పుడే సంఘం షెడ్డు ముందు పేర్చుకున్నాడు.

"దీదీ, కంప్యూటర్ ఛోడ్ దో. చేత్తో కలుపుకుంటే పోద్ది గదా," అన్నాడు.

"చేత్తో చేస్తే డిగ్లీపూర్ ఫారాల్లో అన్ని కోళ్లకి ఏం సరిపోద్ది భయ్యా? శుక్రవారం దాకా ఆ చెక్కలు ముట్టుకోకు," అంది శ్రీలక్ష్మి. లోపల మాత్రం భయంగానే ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లు ఆమెనే నమ్ముకున్నారు.

ఆ మధ్యాహ్నం చారులో ఉప్పు చాల్లేదు. డబ్బా వంచితే రాలలేదు. అలవాటుగా చెంచా తిరగేసి కాడతో పొడిచింది. గడ్డ విరిగింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అత్తా, మనింట్లో ఉప్పు ఎప్పుడైనా పొడిగా ఉందా?"

"ఏటే ఆ అడగటం? వానాకాలం ఉప్పు పొడిగా ఎలాగుంటాది? గాలంతా నీల్లే గదా."

ముప్పై ఏళ్లుగా ఉప్పు పొడుచుకు తింటూ శ్రీలక్ష్మి ఆ తేమను తేమ అనుకోనేలేదు. అందుకే నమూనాలో పిండి తేమ ఎంత అని అడిగినచోట సున్నా వేసింది. ఎండలో ఆరిన పిండే కదా అనుకుంది. దీవిలో పుట్టనివాళ్లు ఈ తప్పు చేయరు. తన మీద తనకే ఒళ్లు మండి, అన్నం వదిలేసి షెడ్డుకు పరుగెత్తింది.

గుప్పెడు పిండి తూచి, పెనం మీద సన్నసెగన ఆరబెట్టి, మళ్లీ తూచింది. వందకు తొమ్మిది వంతులు నీళ్లే. మనిషి చెయ్యి పడకముందే బస్తా నాలుగున్నర లీటర్లు తాగి కూర్చుంది. ఆ అంకె వేసి నమూనాను నడిపితే, బస్తాలో అసలు పిండి కూడా ఆ మేరకు తక్కువే కాబట్టి, ఇక ఆరు లీటర్లు కూడా అక్కర్లేదంది.

శుక్రవారం పొద్దున, జోరు వానలో, తేమ మళ్లీ కొలిచి నమూనా చెప్పినన్నే పోసింది. మిక్సరు ఆగాక గవరమ్మ చెయ్యి పెట్టింది. గుళికలు ఆమె వేళ్ల సందుల్లోంచి జలజలా జారాయి. శ్రీలక్ష్మికి కళ్లు చెమర్చాయి.

గవరమ్మ బయటికెళ్లి, సత్యారావు చూస్తుండగానే పెట్టె చెక్కలు చంకన పెట్టుకొచ్చింది.

"బస్తాలు నేలమీద ఎట్టకండే, సెమ్మ తాగేత్తన్నాయి," అంటూ వాటిని ఒక్కొక్కటే బస్తాల కింద పరిచింది.