ఐగుప్తు నవలలో మా అత్త పెట్టిన బిడ్డ

తోటపల్లి గూడూరు దాటాక రొయ్యల గుంటల మధ్య ఉంది మా ఇల్లు. గట్టు మీది మట్టిబాట ఒక్కటే దారి. ఉన్న ఒక్క బండీ మా ఆయన తీసుకుపోతాడు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త నా నవలల పెట్టెను రొయ్యల మేత బస్తాలుండే గదిలో వేయించింది. "కథలు చదివే చేతికి కూరలో ఉప్పు తెలీదు" అంది. పుస్తకాలకు చెమ్మ పట్టి బూజెక్కింది. పదకొండేళ్లయింది. ఆమె మరిచిపోయింది. నేను మరవలేదు.

నిరుడు నేనే ఒక నవల మొదలుపెట్టాను. రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టు కథ. ఒక కుమ్మరి కూతురు ఇష్టంలేని పెళ్లి తప్పించుకుని, ఒంటెల బిడారుకు దారి చూపే యువకుడితో ఎడారిలోకి పారిపోతుంది. వెనక సైనికులు. నోటుబుక్కు చూసి అత్త ఏమిటని అడిగితే "ఐగుప్తు సంగతి" అన్నాను. బైబిల్లో ఈజిప్టు పేరు అదే కాబట్టి అబద్ధం కాదు. బైబిలు కథ అనుకుని ఆమె ముఖం మెత్తబడింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం ఒక గంట నన్నెవరూ పిలవలేదు. ఈ ఇంట్లో నాకంటూ దొరికింది ఆ గంటే.

అంతటితో ఊరుకుంటే ఆమె మా అత్త ఎందుకవుతుంది? బుధవారం చర్చి స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగింది. పాటలయ్యాక అందరి ముందూ, "మా కోడలు ఐగుప్తు గురించి రాస్తా ఉండాది. చదువమ్మే" అంది. గుమ్మం దాకా ఆడవాళ్లే. లేచిపోయే దారి లేదు.

ఉన్నవాటిలో ప్రమాదం తక్కువైన పేజీ వెతికి చదివాను. ఇసుకగాలిలో అతను ఆమెను ఒంటె మీంచి రెండు చేతులతో దించుతాడు. 'అతను', 'ఆమె' అనే తప్ప పేర్లు పెట్టకపోవడం నా పొరపాటు.

"యోసేపు మరియమ్మను ఎంత బాగా చూసుకున్నాడో!" అని ఒక పెద్దామె కళ్లు తుడుచుకుంది.

"అక్కా, నిన్నెప్పుడన్నా మా బావ బండి మీంచి అట్లా దించినాడా?" అంది పక్కనున్నామె.

"దించేదా? నేను దిగకముందే పోనిస్తాడు!"

అందరూ నవ్వారు. హేరోదు రాజుకు భయపడి, బాలయేసును ఎత్తుకుని యోసేపు మరియమ్మలు ఐగుప్తుకు పారిపోయిన బైబిలు కథ అనుకున్నారు.

"అంతా బాగుండాది గానీ, బిడ్డ యాడమ్మా?" అన్నారు పాస్టరమ్మ గారు.

అత్త నా వైపు చూసింది. నా కథలోవాళ్లు యోసేపు మరియమ్మలు కాదంటే నా గంట పోతుంది.

"నిద్రపోతా ఉండాడండీ" అన్నాను.

అప్పటి నుంచి ప్రతి బుధవారం ఇదే. పాలు తాగినాడా, ఎండ తగల్లేదు కదా అని అడుగుతారు. నాలుగు నెలలుగా నా ప్రేమికులు ఒక్క క్షణం ఏకాంతంగా లేరు. పోయిన వారం ఎలాగో వాళ్లను ఒక బావి దగ్గరికి చేర్చి, అతని చేతిని ఆమె చేతి దాకా తెచ్చాను. సరిగ్గా అక్కడే అత్త అడ్డొచ్చింది.

"పాపం, ఆ తల్లికి చేతులు లాగతా ఉంటాయి. బిడ్డను కాసేపు ఆయన్ని ఎత్తుకోమని రాయమ్మే."

మర్నాడు మధ్యాహ్నం తలుపేసుకుని, నా గంటలో, అలాగే రాశాను.